ఇటలీలో అద్దె కారు నడపడం: లైసెన్సు, బీమా, కుడి వైపు రోడ్డు గురించి సలహా కావాలి

శేషాద్రి నీడ (కొర్లగుంట, తిరుపతి)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే మే నెల రెండో పక్షంలో మా కుటుంబం పన్నెండు రోజుల పాటు ఇటలీకి వెళ్తున్నది. నేను, నా భార్య, ఏడేళ్ల పాప, అరవై ఆరేళ్ల మా అమ్మ, మా బావమరిది కలిసి మొత్తం ఐదుగురం. రోమ్, ఫ్లోరెన్స్ చూసుకొని, టస్కనీ ప్రాంతపు పల్లెల్లో నాలుగు రోజులు తిరిగి, చివరికి స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఉన్న మిత్రుడి ఇంటికి వెళ్లాలని అనుకుంటున్నాము. అమ్మ మోకాళ్ల నొప్పుల వల్ల బస్సులెక్కి దిగడం కష్టం కనుక అద్దె కారు తీసుకోవాలన్న ఆలోచన వచ్చింది.

నాకు పదిహేడేళ్లుగా కారు నడిపే అలవాటు ఉన్నది. నెలకొకసారైనా తిరుమల ఘాట్ రోడ్డులో వెళ్లి వస్తాను, చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరుకు రాత్రిపూట కూడా నడిపాను. కాబట్టి బండి నడపడం గురించి నాకు పెద్దగా భయం లేదు. ఆ దేశపు చట్టం ఏమి అడుగుతుందో, అద్దె సంస్థ ఇచ్చే ఒప్పందంలో ఏముంటుందో, కుడి వైపు నడపడానికి ఎన్ని రోజుల్లో అలవాటు పడతామో తెలియక అడుగుతున్నాను. అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరు.

పాకాల జంక్షన్ (చిత్తూరు)

అన్నా, అంతగా ఆలోచించవలసిన పని లేదు. నేను అక్కడ ఆరు రోజులు కారు నడిపాను. మన స్మార్ట్ కార్డు లైసెన్సు మీద వివరాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. కౌంటరులో ఉన్న అమ్మాయి దాన్నీ పాస్‌పోర్టునూ చూసి తాళం ఇచ్చేసింది. ఆరు రోజుల్లో ఒక్క పోలీసు కూడా నన్ను ఆపలేదు. అంతర్జాతీయ పర్మిట్ కోసం ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగడం అనవసరమని నా అభిప్రాయం.

గిరింపేట (చిత్తూరు)

పాకాల జంక్షన్ గారు చెప్పినది వారి అనుభవం వరకు నిజమే కావచ్చు, కానీ దాన్ని సలహాగా తీసుకోవద్దని శేషాద్రి గారిని కోరుతున్నాను. నేను ఇరవై రెండేళ్లుగా మోటారు బీమా సర్వేయరుగా పని చేస్తున్నాను. ఏ ప్రమాదం జరిగినా నేను మొదట చేతిలోకి తీసుకునేది డ్రైవరు లైసెన్సునే, పగిలిన బంపరును ఆ తరువాతే చూస్తాను. అక్కడి సర్వేయరు కూడా అదే పని చేస్తాడు.

ఇటలీ చట్టం ప్రకారం ఐరోపా సమాఖ్యకు చెందని దేశపు లైసెన్సు ఉన్న పర్యాటకుడు దానితో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను గానీ, అధికారిక ఇటాలియన్ అనువాదాన్ని గానీ దగ్గర పెట్టుకోవాలి. లైసెన్సు ఇంగ్లీషులో ఉండటం బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వంటి చోట్ల సరిపోతుంది గానీ ఇటలీలో సరిపోదు. కౌంటరులో ఎవరూ అడగలేదంటే దానికి అర్థం అవసరం లేదని కాదు, ఆ రోజు ఎవరూ చూడలేదని మాత్రమే. ఎదుటి బండికి దెబ్బ తగిలి పోలీసులు వచ్చిన రోజున అడుగుతారు. ఆ దేశంలో చెల్లుబాటయ్యే అనుమతి లేకుండా నడిపినట్టు తేలితే, అద్దె ఒప్పందంలోని రక్షణ వర్తించదని చెప్పడానికి బీమా వారికి అంతకన్నా బలమైన కారణం అక్కరలేదు.

అది సంపాదించడం కష్టం కూడా కాదు. సారథి పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. అది ఫారం 4ఏ, రుసుము వెయ్యి రూపాయలు. చెల్లుబాటులో ఉన్న లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా, ఫారం 1ఏలో వైద్యుడి ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. మన దేశం 1949 నాటి జెనీవా ఒప్పందంలో భాగస్వామి, ఆ ఒప్పందం ప్రకారమే మనకు పర్మిట్ ఇస్తారు. జారీ అయిన రోజు నుంచి ఏడాది పాటు, లేదా మీ లైసెన్సు గడువు అంతకన్నా ముందే ముగిస్తే ఆ తేదీ వరకు మాత్రమే చెల్లుతుంది. 2022 ఆగస్టులో దేశమంతటికీ ఒకే నమూనా తెచ్చి, లైసెన్సుతో అనుసంధానించే క్యూఆర్ కోడ్ కూడా చేర్చారు.

పర్మిట్ ఒక్కటే చూపిస్తే చెల్లదు. అసలు లైసెన్సు కార్డు కూడా జేబులో ఉండి తీరాలి. ఫోన్‌లోని డిజీలాకర్ ప్రతి మనకు ఇక్కడ పనికివస్తుంది గానీ అక్కడి పోలీసుకు అదేమిటో తెలియదు.

శేషాద్రి నీడ

గిరింపేట గారికి ధన్యవాదాలు. లైసెన్సు తీసి చూసుకున్నాను. గడువు వచ్చే ఏడాది వరకు ఉన్నది. వీసా రాగానే దరఖాస్తు పెడతాను. ఇక కుడి వైపు నడపడం గురించి ఎవరైనా చెప్పగలరా?

స్వర్ణముఖి (చంద్రగిరి)

నేను ఏడేళ్లు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉండి, రెండేళ్ల క్రితం ఊరికి తిరిగి వచ్చాను. అక్కడి నుంచి ఇటలీకి చాలాసార్లు కారులో వెళ్లాము. కుడి వైపు నడపడం మొదటి గంటలోనే కష్టమని అందరూ అనుకుంటారు. కానీ ఆ గంటలో మనిషి చాలా జాగ్రత్తగా ఉంటాడు కనుక ఏమీ జరగదు. రెండో రోజు, మూడో రోజు, కాస్త ధైర్యం వచ్చాక, ఎదురుగా ఏ బండీ లేని ఖాళీ రోడ్డు మీద పాత అలవాటు పైకి వస్తుంది. తెల్లవారుజామున పెట్రోల్ బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడు, పల్లెలో పార్కింగ్ నుంచి రోడ్డెక్కేటప్పుడు, ఎడమ వైపు మలుపు తిరిగి కొత్త వీధిలోకి వెళ్లేటప్పుడు చేతులు వాటంతటవే మనల్ని ఎడమ గట్టుకు తీసుకుపోతాయి. రద్దీగా ఉన్న రోడ్డు మీద ముందు బండిని చూసి వెళ్తాము కనుక ఆ ప్రమాదం తక్కువ.

నాకు బాగా ఉపయోగపడిన గుర్తు ఒకటి చెబుతాను. మన దేశంలోనైనా, అక్కడైనా, డ్రైవరు కూర్చునేది రోడ్డు మధ్య గీత వైపే. ఇక్కడ మనం కుడి సీట్లో కూర్చుంటాము, మధ్య గీత మన కుడి భుజం పక్కన ఉంటుంది. అక్కడ ఎడమ సీట్లో కూర్చుంటారు, మధ్య గీత ఎడమ భుజం పక్కన ఉంటుంది. ఎప్పుడు సందేహం వచ్చినా "గీత నా పక్కన ఉన్నదా, పక్క సీటు వారి వైపు ఉన్నదా" అని చూసుకోండి. వారి వైపు ఉంటే తప్పు దారిలో ఉన్నట్టు. ఈ మాట కారులో ఉన్న అందరికీ చెప్పి ఉంచండి.

రెండో ఇబ్బంది స్టీరింగ్ దగ్గర ఉంటుంది. మన దగ్గరి చాలా కార్లలో ఇండికేటర్ మీట కుడి చేతి వైపు, వైపర్ల మీట ఎడమ చేతి వైపు ఉంటాయి. అక్కడి కార్లలో అవి తారుమారుగా ఉంటాయి. మొదటి రోజు మీరు మలుపు దగ్గర మీట నొక్కగానే ఎండలో వైపర్లు ఊగుతాయి. అది చిన్న విషయమే గానీ, ఆ క్షణంలో చూపు రోడ్డు మీది నుంచి మీట వైపు వెళ్తుంది, వెనక వచ్చే బండికి మీరు తిరుగుతున్న సంగతి తెలియదు. అందుకే తాళం చేతికి రాగానే బయలుదేరకుండా, ఆ పార్కింగ్‌లోనే పది నిమిషాలు కూర్చొని ఇండికేటర్, హెడ్‌లైట్లు, రివర్స్ గేరు, అద్దాలు అన్నీ చేతికి తెలిసేదాకా వాడి చూడండి. గేరు కుడి చేతికి వస్తుంది కనుక, అడగకపోతే మాన్యువల్ కారే ఇస్తారు కనుక, ఆటోమేటిక్ కావాలని బుక్ చేసేటప్పుడే ఎంచుకోండి. అద్దె కొంత ఎక్కువైనా, మొదటిసారి కుడి వైపు నడిపేవారికి ఆ డబ్బు వృథా కాదు.

రౌండబౌట్ దగ్గర లోపల తిరుగుతున్న బండికే మొదటి హక్కు. మీరు ఎడమ వైపు చూసి ఆగాలి, లోపల అపసవ్య దిశలో తిరగాలి. సందు ఉన్నదని ముక్కు దూర్చడం మన ఊళ్లో నడుస్తుంది, అక్కడ ప్రమాదానికి దారి తీస్తుంది. హైవే మీద కుడి వైపు నుంచి ఓవర్‌టేక్ చేయకండి. ఎడమ లేన్ దాటడానికే గానీ స్థిరంగా నడపడానికి కాదు. జర్మనీ, ఆస్ట్రియాల వైపు వెళ్లేవారు ఇంకొకటి తెలుసుకోవాలి. హైవే మీద బండ్లు నెమ్మదించి నిలిచిపోతున్నాయంటే, అంబులెన్సు సైరన్ వినబడకముందే, ఎడమ లేన్ వారు ఎడమ అంచుకు, మిగతావారు కుడికి జరిగి మధ్యలో దారి వదలాలి. అది చట్టం. తొలిసారి చూసినప్పుడు, కిలోమీటరు పొడవున వందల బండ్లు ఎవరూ చెప్పకుండానే అలా విడిపోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

అలిపిరి స్టాండు (తిరుపతి)

నేను పర్యాటకుల కారు నడుపుతాను. అంతకుముందు తొమ్మిదేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా పని చేశాను. అక్కడ కూడా కుడి వైపే నడపాలి. స్వర్ణముఖి అమ్మ చెప్పిన మధ్య గీత సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. నా మొదటి వారంలో మా యజమాని స్టీరింగ్ మీద చిన్న కాగితం అంటించాడు. దాని మీద కుడి వైపు బాణం గుర్తు ఒక్కటే ఉండేది. బండి ఎక్కిన ప్రతిసారీ అదే కళ్లకు కనబడేది. శేషాద్రి అన్న కూడా అలా ఒకటి అంటించుకుంటే మంచిది.

వేగం గురించి ఒక మాట. మన తిరుమల కొండకు వెళ్లేటప్పుడు అలిపిరిలో సమయం వేసిన చీటీ ఇస్తారు గదా. ఎక్కడానికి 28 నిమిషాలకు తక్కువ, దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టితే మీరు వేగంగా నడిపారని లెక్క. మలుపుల దగ్గర కెమెరా ఉన్నదా లేదా అన్నది ప్రశ్న కాదు. బయటి దేశాల్లో కొన్ని హైవేల మీద ఇదే పద్ధతి కెమెరాలతో నడుస్తుందని, రెండు చోట్ల నంబరు ప్లేటును చదివి మధ్యలో పట్టిన సమయాన్ని లెక్క కడతారని నా బండి ఎక్కిన ప్రయాణికులు చెప్పారు. ఇటలీలో అలా ఉన్నదా?

స్వర్ణముఖి

ఉన్నది. ఇటలీ హైవేల మీద దాన్ని టూటర్ అంటారు. మీరు ఇచ్చిన పోలిక సరిగ్గా సరిపోయింది. కెమెరా కనబడగానే బ్రేకు వేసి, దాటగానే మళ్లీ వేగం పెంచే అలవాటు అక్కడ పనికిరాదు. హైవే మీద గరిష్ఠ వేగం గంటకు 130 కిలోమీటర్లు, వాన పడుతుంటే 110. ఊరి బయట రెండో తరగతి రోడ్ల మీద 90, ఊరి లోపల 50. ఊరి బయట పగలు కూడా హెడ్‌లైట్లు వెలిగించి నడపాలి. బోర్డుల రంగు కూడా గుర్తుంచుకోండి. ఇటలీలో ఆకుపచ్చ బోర్డు టోల్ హైవేకు, నీలం బోర్డు మామూలు ప్రధాన రహదారికి దారి చూపుతుంది. జర్మనీలో నీలమే హైవే. నేను ఆ అలవాటుతో నీలం బోర్డు వెంట వెళ్లి రెండు గంటల దారికి నాలుగు గంటలు తీసుకున్నాను.

తుమ్మలగుంట (తిరుపతి)

శేషాద్రి గారూ, మీరు ఫ్లోరెన్స్ పేరు రాశారు కనుక ఇది తప్పక చదవండి. ఇటలీలో చాలా పాత నగరాల నడిబొడ్డున పరిమిత రాకపోకల మండలాలు ఉంటాయి. వాటిని అక్కడివారు జెడ్‌టీఎల్ అని రాస్తారు. అక్కడ నివసించేవారికి, అనుమతి ఉన్నవారికి తప్ప నిర్ణీత వేళల్లో ఇతరుల బండ్లకు ప్రవేశం లేదు. గేటు ఉండదు, పోలీసు ఉండడు. ఎర్రటి అంచుతో తెల్లని గుండ్రటి బోర్డు, పైన ఒక కెమెరా, అంతే.

మేము ఒక పాత నగరంలో హోటల్ వెతుక్కుంటూ ఫోన్ చూపించిన దారిలో వెళ్లాము. వీధి మొదట్లో వెలుగుతున్న అక్షరాలతో "వార్కో అత్తీవో" అని ఉన్నది. మా వారు "యాక్టివ్ అని ఉన్నది గదా, దారి తెరిచే ఉన్నట్టు" అన్నారు. దాని అర్థం కెమెరా ద్వారం పని చేస్తున్నది, లోపలికి రావద్దు అని. సందుల్లో దారి తప్పి అదే ద్వారం గుండా మరో రెండుసార్లు లోపలికి వెళ్లాము. ఆ రోజు ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు.

తిరుపతికి వచ్చిన రెండు నెలలకు కార్డు మీద అద్దె సంస్థ మూడుసార్లు కొంత మొత్తం వసూలు చేసింది. అది జరిమానా అనుకున్నాము. కాదు. మా పేరూ చిరునామా అధికారులకు ఇచ్చినందుకు సేవా రుసుము, ఒప్పందంలో చిన్న అక్షరాలతో రాసి ఉన్నది. అసలు జరిమానా నోటీసులు ఎనిమిదో నెలలో రిజిస్టర్డ్ పోస్టులో వచ్చాయి. పోస్ట్‌మ్యాన్ మూడు పొడుగాటి కవర్లు ఇచ్చి సంతకం చేయించుకున్నప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. ఒక్కో ప్రవేశానికి ఒక్కో జరిమానా. విదేశాల్లో ఉండేవారికి నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజుల వరకు గడువు ఇస్తుంది. అందింది మొదలు ఐదు రోజుల్లో చెల్లిస్తే ముప్పై శాతం తగ్గుతుంది. మేము ఆ రాత్రే ఆన్‌లైన్‌లో చెల్లించాము.

మీ హోటల్ ఆ మండలం లోపల ఉంటే, కారు నంబరు చెప్పి అనుమతి నమోదు చేయించగలరా అని ముందే ఈమెయిల్ రాయండి. లేదంటే కారును నగరం బయటి పార్కింగ్‌లో ఉంచి ట్రామ్ ఎక్కండి. పార్కింగ్ గీతల్లో తెలుపు ఉచితం, నీలం డబ్బు కట్టవలసినది, పసుపు ఇతరులకు కేటాయించినది.

శేషాద్రి నీడ

తుమ్మలగుంట గారూ, ఇది చదివాక ప్రణాళికే మార్చుకుంటున్నాను. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు రైల్లో వెళ్లి, రెండు నగరాలూ కారు లేకుండా చూసి, టస్కనీ పల్లెలకు బయలుదేరే ఉదయమే విమానాశ్రయం దగ్గర కారు తీసుకుంటాను. పన్నెండు రోజుల అద్దె ఐదు రోజులకు తగ్గుతుంది కూడా. ఇప్పుడు బీమా గురించి అడుగుతాను. వెబ్‌సైట్‌లో "సీడీడబ్ల్యూ ఉన్నది" (కారుకు దెబ్బ తగిలితే మన బాధ్యతకు హద్దు పెట్టే రక్షణ) అని రాసి, కిందనే 1,800 యూరోల బాధ్యత అని రాశారు. ఉన్నట్టా, లేనట్టా?

గిరింపేట

ఉన్నట్టే, కానీ మనం అనుకునేంత లేదు. మన దగ్గర సొంత కారుకు సమగ్ర బీమా చేసినప్పుడు, క్లెయిములో మొదటి వెయ్యి రూపాయలు, ఇంజిన్ 1,500 సీసీకి మించితే రెండు వేలు, మీరే భరించాలి. దాన్నే తప్పనిసరి డిడక్టబుల్ అంటాము. సీడీడబ్ల్యూ కూడా అదే సూత్రం మీద నడుస్తుంది, కాకపోతే అక్కడ ఆ మొదటి భాగం 1,800 యూరోలు. తలుపు మీద గీత పడి మరమ్మతుకు 600 యూరోలు అయితే మొత్తం మీ జేబులోంచే పోతుంది. బండి నుజ్జయితే మీ బాధ్యత 1,800 దగ్గర ఆగుతుంది. ఎదుటివారికి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమా ఐరోపాలో చట్టప్రకారం అద్దెలోనే కలిసి ఉంటుంది.

ఇక ఆ రక్షణ వేటికి వర్తించదో చూడండి. టైర్లు, అద్దాలు, బండి అడుగు భాగం, పోయిన తాళం, తప్పు ఇంధనం సాధారణంగా బయటే ఉంటాయి. టస్కనీలో ద్రాక్ష తోటల మధ్య స్త్రాదె బియాంకె అనే తెల్లటి కంకర దారులు ఉంటాయి. చూడటానికి మన భాకరాపేట దాటాక పొలాల్లోకి పోయే మట్టి బాటల్లా అందంగా ఉంటాయి. ఐదుగురితో, సామానుతో దిగబడిన కారు అడుగు రాయికి తగిలితే ఆ ఖర్చంతా మీదే. మద్యం, ఒప్పందంలో పేరు లేని డ్రైవరు, అనుమతి లేని రోడ్డు, ఈ మూడింటిలో ఏది ఉన్నా రక్షణ మొత్తం రద్దవుతుంది. ఆ బాధ్యతను సున్నాకు తగ్గించే అదనపు కవర్ కౌంటరులో ఖరీదుగా అమ్ముతారు. ఆన్‌లైన్‌లో వేరే బీమా సంస్థల నుంచి చౌకగా దొరుకుతుంది, కానీ అందులో ముందు మీరు చెల్లించి, తరువాత పత్రాలు పంపి రాబట్టుకోవాలి. కార్డు పరిమితి తక్కువగా ఉంటే కౌంటరులో కొనడమే మేలని నా అభిప్రాయం.

కారు తీసుకునేటప్పుడు వారిచ్చే చిత్రపటంలో ఉన్న గీతలన్నీ బండి మీద ఉన్నాయో లేవో కాదు, బండి మీద ఉన్నవన్నీ పటంలో ఉన్నాయో లేవో చూడండి. రెండూ ఒకటి కావు. నేను సర్వే చేసేటప్పుడు నిలబడి చూడను, కూర్చొని చూస్తాను. తలుపు పొడవునా చూపును వాలుగా పంపితే, నిలబడినప్పుడు కనబడని సొట్ట వెలుతురు విరిగే చోట కనబడుతుంది. నాలుగు చక్రాల రిమ్ములు, ముందు బంపరు కింది అంచు, ముందు అద్దం, పైకప్పు, స్టెప్నీ ఉన్నదా లేక గాలి నింపే కిట్ ఉన్నదా, ఇంధన ముల్లు, కిలోమీటర్ల అంకె, అన్నింటినీ ఆగకుండా ఒకే వీడియోగా తీయండి. పటంలో లేని గీత కనబడితే రాయించి సంతకం తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ అదే పని చేయండి.

పాకాల జంక్షన్

లైసెన్సు విషయంలో నా మాట తొందరపాటుదని ఒప్పుకుంటున్నాను. ఒక్క ప్రశ్న. శేషాద్రి అన్న బావమరిది కూడా వస్తున్నారు కదా. అలసిపోయినప్పుడు హైవే మీద గంటసేపు ఆయన నడిపితే తప్పేమిటి? ఇంట్లో మనిషే కదా.

గిరింపేట

ఒప్పందం దృష్టిలో ఇంటి మనిషి అనే మాట లేదు. పేరు ఉన్నవాడు, పేరు లేనివాడు, ఇద్దరే ఉన్నారు. కొన్ని సంస్థలు భార్యాభర్తలకు మినహాయింపు ఇవ్వవచ్చు గానీ బావమరిదికి కాదు. ఆ గంటలోనే ప్రమాదం జరిగితే, కారు విలువ మొత్తం ఇద్దరి మీదా పడుతుంది. దయచేసి రోజువారీ రుసుము కట్టి రెండో డ్రైవరుగా పేరు రాయించండి. ఆయనకూ అంతర్జాతీయ పర్మిట్ ఉండాలి. అలసటతో ఒక్కరే నడపడం కన్నా అది ఎంతో మంచిది.

పాకాల జంక్షన్

అర్థమైంది. నేను వెళ్లినప్పుడు మా తమ్ముడు రెండు రోజులు నడిపాడు. ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తున్నది.

కపిలతీర్థం (తిరుపతి)

నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా అబ్బాయి అమెరికాలోని డల్లాస్‌లో ఉంటాడు. ఈ వేసవికి మేము వెళ్తున్నాము. వాడు ఆఫీసుకు పోయినప్పుడు కూరగాయలకూ గుడికీ నేనే కారులో వెళ్లవచ్చా, అవసరమైతే అద్దెకు తీసుకోవచ్చా? విషయం కొంచెం పక్కదైనా ఇక్కడే అడుగుతున్నాను.

ఎస్వీయూ పాత విద్యార్థి (ప్రస్తుతం న్యూజెర్సీ)

సార్, నమస్కారం. అమెరికాలో నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి కనుక, బయలుదేరే ముందు మీ అబ్బాయిని ఆ రాష్ట్ర వాహన శాఖ వెబ్‌సైట్ చూడమనండి. వాడి కారు నడపాలంటే, మీరు నడపబోతున్నట్టు వాడి బీమా సంస్థకు ముందే చెప్పి రాతలో తీసుకోవాలి. అద్దె కారైతే ఐరోపాకూ అమెరికాకూ ఒక పెద్ద తేడా ఉన్నది. ఇక్కడ అద్దెతో వచ్చే థర్డ్ పార్టీ రక్షణ చాలా తక్కువగా ఉండవచ్చు. ఎదుటి మనిషికి గాయమైతే ఆసుపత్రి ఖర్చు ఊహించలేము. అందుకే అదనపు బాధ్యతా బీమా తీసుకోకుండా కదలవద్దు.

రోడ్డు మీద మన పెద్దలు పొరపాటు పడేది రెండు చోట్ల. స్టాప్ బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రం పూర్తిగా ఆగాలి. నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉన్న కూడలిలో ముందు వచ్చి ఆగినవారు ముందు వెళ్తారు. రెండోది, పసుపు రంగు స్కూలు బస్సు ఎర్ర దీపాలు వెలిగించి ఆగితే, వెనకవారే కాదు, మధ్యలో డివైడర్ లేని రోడ్డులో ఎదురుగా వచ్చేవారు కూడా ఆగాలి. బస్సు చాటు నుంచి పిల్లలు రోడ్డు దాటుతారు. పోలీసు వెనక నుంచి దీపాలు వేస్తే పక్కకు ఆపి, కారు దిగకుండా, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా ఉంచి కూర్చోవాలి. మన దగ్గర మర్యాద కోసం దిగి ఎదురు వెళ్తాము. ఇక్కడ అలా దిగితే పోలీసు దాన్ని ముప్పుగా భావిస్తాడు.

కపిలతీర్థం

దిగకూడదన్న సంగతి నాకు తెలియనే తెలియదు. రాసుకున్నాను. సంతోషం నాయనా.

స్వర్ణముఖి

శేషాద్రి గారికి ఇంకొన్ని మిగిలాయి. ఇటలీ బంకులో "బెంజీనా" అంటే పెట్రోలు, "గసోలియో" అంటే డీజిలు. గ్యాసోలిన్ అన్న మాటను తలుచుకొని గసోలియో పైపు తీసుకున్నవారిని నేను చూశాను. ఐరోపా బంకుల్లో పెట్రోలుకు గుండ్రటి గుర్తులో ఇంగ్లీషు "E" అక్షరం, డీజిలుకు చదరపు గుర్తులో "B" అక్షరం ఉంటాయి. ట్యాంకు మూత లోపలి గుర్తుతో అది సరిపోతున్నదో లేదో చూసుకుంటే భాష అక్కరలేదు. టోల్ గేటు దగ్గర పసుపు గుర్తు టెలిపాస్ లేన్లు మన ఫాస్టాగ్ లాంటివి, అద్దె కారులో ఆ పరికరం ఉండకపోవచ్చు. మీరు మీట నొక్కి చీటీ తీసుకునే లేన్‌లోకి వెళ్లాలి. పొరపాటున టెలిపాస్‌లో దూరితే ఎట్టి పరిస్థితుల్లోనూ వెనక్కి తీయవద్దు, అది తీవ్రమైన నేరం. ముందుకు వెళ్లి, తరువాత కట్టవచ్చు.

లుగానో వెళ్తారు కనుక, సరిహద్దు దాటడానికి అద్దె సంస్థ అనుమతి ఒప్పందంలో రాయించండి. స్విస్ హైవేల మీద నడపాలంటే 40 ఫ్రాంకుల వినియెట్ (హైవే వాడకానికి కట్టే రుసుము చీటీ) కావాలి. 2023 నుంచి దాన్ని కారు నంబరు మీద ఆన్‌లైన్‌లో కొనవచ్చు. ఒక్క రోజుకైనా ఏడాదిదే కొనాలి. పాప ఎత్తు 150 సెంటీమీటర్లకు తక్కువే ఉంటుంది కనుక బూస్టరు సీటు తప్పనిసరి, బుకింగ్ సమయంలోనే అడగండి.

తుమ్మలగుంట

కార్డు గురించి ఎవరూ రాయలేదు. ప్రధాన డ్రైవరు పేరు మీదనే క్రెడిట్ కార్డు ఉండాలి. భార్య కార్డు, డెబిట్ కార్డు చూపిస్తే చాలా చోట్ల తాళం ఇవ్వరు. 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నియమం వల్ల మన కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి, విదేశీ లావాదేవీలను మీరే బ్యాంకు యాప్‌లో తెరవాలి. కౌంటరులో రూపాయల్లో వసూలు చేయమంటారా అని అడిగితే యూరోల్లోనే అని చెప్పండి. రూపాయల్లో అయితే వారి మారకపు రేటు వేస్తారు.

శేషాద్రి నీడ

అందరికీ నమస్కారం. క్షేమంగా తిరిగి వచ్చి తొమ్మిది రోజులైంది. మా బావమరిదికీ నాకూ పర్మిట్లు తీసుకున్నాము, కౌంటరులో రెండూ అడిగి చూశారు. కారు వీడియో తీస్తుండగా, గిరింపేట గారు చెప్పినట్టు కూర్చొని చూస్తే, వెనక కుడి తలుపు అంచున పటంలో లేని సొట్ట కనబడింది. అక్కడి కుర్రవాడు మాట్లాడకుండా రాసి ఇచ్చాడు.

రెండో రోజు ఉదయం ఆరున్నరకు మోంటెపుల్చానో దగ్గర బంకు నుంచి బయటికి వచ్చాను. రోడ్డు మీద ఒక్క బండి లేదు, రెండు వైపులా ద్రాక్ష తోటలు, ఎదురుగా మంచు. నేను అలవాటుగా ఎడమ గట్టు పట్టాను. యాభై గజాలు వెళ్లానో లేదో, వెనక సీట్లో ఉన్న అమ్మ నా భుజం తట్టి "గీత నీ పక్కన లేదు గదరా" అన్నది. మెల్లగా కుడికి వచ్చాను. ఆ మలుపు దాటగానే పాల ట్యాంకరు ఒకటి ఎదురుగా వచ్చింది. అమ్మకు జీవితంలో ఏ బండీ నడపడం రాదు. స్వర్ణముఖి గారి మాటను బయలుదేరేముందు అమ్మకు చదివి వినిపించాను, అంతే. అక్కడి నుంచి అలిపిరి స్టాండు అన్న చెప్పిన బాణం గుర్తును పాప గీసి స్టీరింగ్ మీద అంటించింది.

అద్దె సంస్థ హామీగా నా కార్డు మీద ఆపి ఉంచిన మొత్తం నిన్న విడుదలైంది. ఫ్లోరెన్స్‌లో కారు లేదు కనుక జరిమానా వస్తుందని అనుకోవడం లేదు గానీ, 360 రోజులు పూర్తయ్యేదాకా ఒప్పందపు కాగితం, వీడియోలు, టోల్ చీటీలు, పార్కింగ్ రసీదులు ఒక కవరులో పెట్టి బీరువాలో ఉంచుతున్నాను.

స్వర్ణముఖి

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.